జిల్లాలో ఒకే ఒక్క అర్జీ

కలెక్టరాఫీసు గేటుకు ఎదురుగా, జిరాక్సు షాపు రేకుల నీడలో, ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుని, జిల్లాలోని కష్టాలన్నిటినీ ఒకే వాక్యంతో మొదలుపెడుతూ వచ్చినవాడు మారోజు వీరాచారి. ఈ ముప్పై ఒక్క ఏళ్లలో కుర్చీకి రెండుసార్లు కాళ్లు మార్పించాడు గానీ వాక్యంలో ఒక్క అక్షరం మార్చలేదు. "మహారాజశ్రీ జిల్లా కలెక్టరు గారి దివ్యసముఖమునకు, తమ పాదధూళికి సాటిరాని ఈ దీనులు వేయి నమస్కారములు చేసి విన్నవించుకొనునది ఏమనగా" అని ఎత్తుకున్నాడంటే, అది గట్టు తగాదా కానీయండి, బర్రె చావు కానీయండి, "తమరు దయతలచి న్యాయము చేయించిన యెడల తమ పేరు చెప్పుకొని బ్రతుకగలము" అన్నచోట దిగాల్సిందే.

ఇది బద్ధకం అనుకునేరు. కాదు, అనుభవం. ఆఫీసరు కాగితాన్ని చదవడు, కళ్లతో తుడుచుకుంటూ పోతాడు అన్నది వీరాచారి కనిపెట్టిన సంగతి. తెలిసిన మాటల మీద ఆ కళ్లు జారి, తెలియని మాట దగ్గర ఆగుతాయి. కాబట్టి మొదలూ చివరా ఎప్పుడూ ఒకటే ఉండాలి. నడుమ మాత్రం మనిషి ఉండాలి. అందుకని ఆదివారం ఇంట్లో కూర్చుని రెండు వందల కాగితాల మీద మొదలూ చివరా రాసి పెట్టుకునేవాడు. నడుమ మూడు వేళ్ల జాగా వదిలేవాడు. సోమవారం అర్జీల రోజు. వచ్చినవాళ్ల కష్టం ఎంత పెద్దదైనా ఆ మూడు వేళ్లలో ఇమడాలి. ఎట్లాగో ఇమిడేది కూడా. గేటుకు అటువైపు కూర్చుని అర్జీలు రాసే మరో ఇద్దరూ అతని దగ్గర నేర్చుకున్నవాళ్లే కాబట్టి, జిల్లాలో ఎవరు ఏడ్చినా వీరాచారి మాటల్లోనే ఏడ్చేవారు.

నాగులకుంట బుచ్చవ్వ కష్టం కూడా అట్లాగే ఇమిడింది. ఆమె రేకుల ఇంటి పక్కనున్న బర్రె కొట్టం మీదికి కరెంటు స్తంభం ఒకటి ఒరిగింది. మొన్నటి వానాకాలం గాలిదుమారానికి ఒక జానెడు, తర్వాత తనంతట తానే ఇంకో జానెడు. తీగలు కొట్టం రేకుల మీద చేతికందే ఎత్తులో వేలాడుతున్నాయి. లైన్‌మన్ వచ్చి చూసి, ఆర్డరు లేనిదే ముట్టుకోరాదని చెప్పి వెళ్లిపోయాడు. బుచ్చవ్వ ఒక టేకు వాసం తెచ్చి స్తంభానికి ఊతంగా పెట్టింది. గాలి లేచినప్పుడల్లా బర్రెను విప్పుకుపోయి బడి వరండాలో కట్టేసి, తానూ దాని పక్కనే కూర్చునేది. ఐదు సోమవారాలు వచ్చి ఐదు అర్జీలు పెట్టింది. ఐదింటికీ "తమ అర్జీ పరిశీలనలో ఉన్నది. తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు పంపడమైనది" అని జవాబు వచ్చింది. ఆ ఐదు జవాబులనూ మడత నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆమె ఆరో సోమవారం వచ్చేసరికి, కలెక్టరాఫీసుకు మామిడి తోరణాలు కట్టి ఉన్నాయి.

"ఏందిది చారి సారూ, మంత్రిగిట్ల వస్తున్నడా?" అంది.

"మంత్రి కాదక్కా, మిషన్ వచ్చింది," అన్నాడు వీరాచారి.

మిషన్ పేరు సాదృశ్య. దాన్ని తెచ్చినవారు నవీకరణ విభాగం ప్రత్యేకాధికారి విశ్వంభర్ గారు. ఆయన రాజధాని నుంచి కొత్తగా వచ్చారు. నిద్రలేపి మంచినీళ్లు అడిగినా ఉత్తర్వులా మాట్లాడతారు. పోర్టికోలో గోడంత తెర పెట్టించి, మైకు పట్టుకుని వివరించారు.

"ఒకే విషయమును పునఃపునః విన్నవించుకొను దుస్సంప్రదాయము వలన కార్యాలయ కాలము వృథా అగుచున్నది. ఒక కాగితమును మరొక కాగితముగా మార్చుటకు ఎన్ని అక్షరములు కొట్టివేయవలెనో, ఎన్ని చేర్చవలెనో ఈ యంత్రము లెక్కించును. ఆ లెక్క స్వల్పమైనచో రెండు కాగితములు ఒకటే. కాగితములు ఒకటైనచో కష్టములును ఒకటే. మొదటి నిబంధన ప్రకారము కిటికీకి వచ్చిన ప్రతి కాగితమును యంత్రమున పెట్టవలెను. ఇక నాలుగవ నిబంధన. ఒకటేనని తేలినవాటిలో మొట్టమొదటిది మూలము, తక్కినవి ప్రతులు. మూలమునకు జరిగినదే ప్రతులకును జరిగినట్లు భావించవలెను."

అందరూ చప్పట్లు కొట్టారు. గేటు బయటినుంచే వీరాచారి కూడా కొట్టాడు. ఆ నిబంధన తన దగ్గరికి వచ్చేవాళ్లెవరికీ తగలదనుకున్నాడు పాపం.

అర్జీలు తీసుకునే కిటికీ దగ్గర జూనియర్ అసిస్టెంటు నస్రీన్ ఉంటుంది. ఒక్కో కాగితాన్నీ మిషన్‌కు తినిపిస్తూ సాయంత్రం నాలుగింటికి ముగించింది. తెర మీద అక్షరాలు వెలిగాయి. నేటి అర్జీలు: 412. సాదృశ్య పరీక్షానంతరం: 1.

విశ్వంభర్ గారి కళ్లు చెమ్మగిల్లాయి. మర్నాడు పత్రికలకు ప్రకటన వెళ్లింది, జిల్లాలో సమస్యలు ఒక్క పూటలో నాలుగు వందల పదకొండు తగ్గాయని.

మిగిలిన ఆ ఒక్క సమస్య ఎవరిదయ్యా అంటే, ఆ రోజు తెల్లారకముందే వచ్చి వరుసలో మొదట నిలబడిన చంద్రయ్యది. అతని మక్కచేనులో కోతులు పడ్డాయి. ఒకే ఒక్క సమస్య గనక ఆఫీసు యావత్తూ దాని మీద పడి, రెండు రోజుల్లో అతనికి కోతుల బోను పంపింది. నాలుగో నిబంధన ప్రకారం తక్కిన నాలుగు వందల పదకొండు మందికీ పంపింది.

బుధవారం నాడు బుచ్చవ్వ వాకిట్లో ట్రాలీ ఆగింది. అటవీ శాఖ మనుషులిద్దరు ఇనప బోను దించారు.

"నా ఇంట్ల కోతులేడున్నయి బిడ్డా?" అంది బుచ్చవ్వ.

"కాగితంల ఉన్నయవ్వా. ఈడ సంతకం పెట్టు."

"నాది కంబం లొల్లి. అగో, కండ్లకు కనవడ్తలేదా?"

వాళ్లు అటు చూసి సంతోషించారు. బోను ఎవరూ ఎత్తుకుపోకుండా గొలుసుతో కట్టడానికి గట్టి ఆధారం ఏదైనా దొరుకుతుందా అని అప్పటిదాకా వెతుక్కుంటున్నారు. బుచ్చవ్వ చీపురు తీశాక గానీ స్తంభాన్ని వదల్లేదు. కోతి పడేదాకా బోను తియ్యరాదని చెప్పి వాకిట్లోనే వదిలి పోయారు. పింఛను అడిగిన ముసలాయనకు బోను, పైకప్పు అడిగిన బడికి బోను, భూమి పంచుకోవడం కుదరక కొట్టుకుంటున్న అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక బోను ముట్టాయి.

మరుసటి సోమవారం వీరాచారి నేరుగా విశ్వంభర్ గారి గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. గేటు లోపలికి అతను రావడం ముప్పై ఒక్క ఏళ్లలో అదే మొదలు.

"సార్, కష్టాలు వేరేవేరే సార్. మొదలూ చివర ఇడిచిపెట్టి, నడుమ మూడు వేళ్ల జాగ సూడుండ్రి."

"చూచితిమి. ఆ జాగా మొత్తము కాగితములో తొమ్మిది శాతము. తొమ్మిది శాతము కొరకు యంత్రాంగము కదలదు. అర్జీదారుడు స్వకీయ వ్యథను స్వకీయ శైలిలో వ్యక్తపరచవలెను. నలభై శాతమునకు మించి పోలిక ఉండరాదు."

"కష్టంల ఉన్నోడు శైలి ఏడికెల్లి తెస్తడు సార్?"

"అది అర్జీదారుని వ్యక్తిగత విషయము," అన్నారు విశ్వంభర్ గారు.

ఆ రోజు వీరాచారికి అన్నం సయించలేదు. తప్పు మిషన్‌దో ఆఫీసరుదో అయితే తిట్టుకుని పడుకునేవాడు. తను ప్రాణంగా పెంచుకున్న వాక్యమే నాలుగు వందల మంది నోళ్లు మూసిందన్న సంగతి గుండెలో గుచ్చుకుంది. బుచ్చవ్వ కొట్టం మీది తీగలు కళ్లల్లో ఆడాయి. రాసి పెట్టుకున్న కాగితాల కట్టను అటక మీద పడేసి, తెల్ల కాగితం ముందు పెట్టుకుని, జీవితంలో మొదటిసారి ఏం రాయాలా అని ఆలోచించాడు.

ఆ తర్వాతి వారాల్లో జిల్లా కష్టాలకు పట్టిన యోగం చూడాలి. మరుగుదొడ్డి లేని బడి కష్టం పెండ్లిపత్రికలా వెళ్లింది, బంధుమిత్ర సపరివారంగా విచ్చేసి గోడ చాటు చూసి పోవలసిందిగా. బస్సు రాని ఊరి అర్జీని కండక్టరు కేకల్లో రాశాడు. పింఛను ముసలాయనది జోలపాటలో కుదిరింది. వరుసలో నిలబడి చదివించుకుంటూ ఆయనే కునుకు తీశాడు. జనానికి రుచి మరిగింది. ఎవరికీ రాయనిది తమకు రాయమని కుర్చీ చుట్టూ మూగారు. పక్కపక్క పొలాల్లో బోర్లు ఎండిపోయిన ఇద్దరు రైతులు ఒకరి గల్లా ఒకరు పట్టుకున్నంత పని చేశారు.

"నా బోరు వీని బోరు లెక్క ఎండలేదని రాయి సారూ. నాది వేరే తీరు ఎండింది."

"నాది ముందుగాల ఎండింది, వాడు నాది సూసి ఎండవెట్టిండు!"

బుచ్చవ్వ అర్జీ కోసం వీరాచారి రెండు రోజులు కష్టపడ్డాడు. చివరికి స్తంభం చేతనే మాట్లాడించాడు. "నేను నాగులకుంటలో నిలబడిన స్తంభాన్ని. నిలబడిన అనడం మర్యాద కోసం. పద్దెనిమిదేళ్లు నిటారుగా నిలబడి ఊరికి వెలుగిచ్చాను. ఇప్పుడు నడుము వంగింది. కింద ఒక బర్రె ఉంది. దాని మీద నాకు ఏ పగా లేదు. ఎవరైనా వచ్చి నన్ను లేపండి." అదీ సంగతి. నస్రీన్ దాన్ని మిషన్‌కు పెట్టింది. తెర మీద నాలుగు శాతం అని వెలిగింది. కిటికీ వెనకనుంచే చేయి బయటికి చాపి వీరాచారి చేయి ఊపేసింది.

"కమాల్ చేసిన్రు చారి సాబ్! ఇంత తక్కువ ఎవ్వరికీ రాలే."

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. బుచ్చవ్వకు కాదు, స్తంభానికి. "అర్జీదారు విద్యుత్ శాఖ ఆస్తి అయియున్నందున, తన బాధలను పై అధికారి ద్వారా సరైన మార్గమున మాత్రమే విన్నవించుకొనవలెను. నేరుగా జిల్లా కలెక్టరును ఆశ్రయించుట క్రమశిక్షణా రాహిత్యము. సంజాయిషీ పదిహేను దినములలో సమర్పించవలెను." మెమోను చేతికిచ్చి సంతకం తీసుకోవడం వీలుపడలేదు గనక, లైన్‌మన్ వచ్చి గమ్ము రాసి స్తంభానికి అంటించి పోయాడు. అంటించడానికి రెండు చేతులతో అదిమాడు. స్తంభం ఇంకో రెండు వేళ్లు ఒరిగింది.

ఆ సోమవారం బుచ్చవ్వే వీరాచారి వెంట విశ్వంభర్ గారి గదికి వచ్చింది. చేతిలో కొత్త అర్జీ ఉంది. స్తంభం ఊసెత్తకుండా, బర్రె ఊసెత్తకుండా, గాలిని తిడుతూ వీరాచారి రాసినది. కానీ ఈలోగా సాదృశ్యను మెరుగుపరిచారు. అది ఇప్పుడు అక్షరాలతో పాటు భావాన్ని కూడా పోలుస్తుంది. బుచ్చవ్వ భావం బుచ్చవ్వ పాత భావంతో తొంభై ఏడు పాళ్లు కలిసింది.

"ఇది మీరు లోగడ పడిన బాధయే," అన్నారు విశ్వంభర్ గారు.

"ఔ సారూ, గదే బాధ. తీరలే."

"తీరకపోవుట నూతన విషయము కాదు. విషయములో నూతన పరిణామము లేనిదే నూతన అర్జీ లేదు."

"నూతన పరిణామం అంటే ఎట్లాంటిది సార్?" అన్నాడు వీరాచారి.

విశ్వంభర్ గారు సాయం చేసే మనిషే. కాసేపు ఆలోచించి ఉదాహరణ చెప్పారు. "స్తంభము పడిపోయినదనుకొనుడు. అది పరిణామము."

బుచ్చవ్వ కొంగు నడుముకు దోపింది. "పడ్డంక నేనుంటనా సారూ? అర్జీ ఎవ్వలు పెడ్తరు, నా బర్రె పెడ్తదా?"

"బర్రె పక్షమున వారసులు పెట్టవచ్చును," అని విశ్వంభర్ గారు నోట్ చేసుకున్నారు.

బయటికి వచ్చాక బుచ్చవ్వ పోర్టికో మెట్ల మీద కూలబడింది. ఇంతకాలం ఆమె ఏడవగా వీరాచారి చూడలేదు. ఏడుపు ఆపుకుంటూ ప్లాస్టిక్ కవరు విప్పి, పాత జవాబులు మోకాళ్ల మీద పరుచుకుని, "గింత మంచిగ రాస్తరు, ఒక్కడు రాడు," అంది. వీరాచారి ఆ ఐదు కాగితాలను చూశాడు. ఒకటి ఎత్తి ఇంకోదాని మీద పెట్టాడు. దాని మీద ఇంకోటి పెట్టాడు. మెల్లగా అతని మీసాల కింద నవ్వు కదిలింది.

"అక్కా, వచ్చే సోమవారం ఈ కవరు మర్చిపోకు," అన్నాడు. వరుసలో ఉన్నవాళ్లందరికీ అదే మాట చెప్పాడు. ఆఫీసు నుంచి వచ్చిన జవాబు పారేసుకునేవాడు మన దిక్కున ఉండడు. ఇల్లు కాలినా ముందు అదే పట్టుకుని బయటపడతాడు.

ఆ మరుసటి సోమవారమే రాజధాని నుంచి పరిశీలకులవారు వచ్చారు, సాదృశ్యను రాష్ట్రమంతా పెట్టవచ్చునా అని తేల్చడానికి. తెర మీద పెండింగ్ అర్జీలు: 3 అని వెలుగుతోంది. విశ్వంభర్ గారు కొత్త కోటు వేసుకున్నారు. కిటికీ దగ్గర వీరాచారిని పక్కన పెట్టుకుని బుచ్చవ్వ కాగితం ఇచ్చింది. దాని కింద "జతపరచినవి: తమరి జవాబులు అయిదు" అని రాసి ఉంది.

"చారి సాబ్, ఇవి మన ఆఫీసుయే కదా. ఇవి కూడా పెట్టాల్నా?" అంది నస్రీన్.

"మొదటి నిబంధనేంది మేడం?"

"ప్రతి కాగితమూ," అని తనకు తానే జవాబు చెప్పుకుని నస్రీన్ ఐదింటినీ మిషన్‌లో పెట్టింది. వెనకున్నవాళ్లు తమ కవర్లు విప్పారు. ఎనిమిదేళ్ల జవాబులు, పదేళ్ల జవాబులు, లామినేషన్ చేయించి దేవుడి పటం పక్కన పెట్టుకున్న జవాబులు వచ్చి పడ్డాయి. ఆఫీసు పంపిన జవాబులన్నీ ఎలాగూ మిషన్ కడుపులో ఉన్నాయి గనక, అది పనిలో పనిగా వాటిని కూడా పోల్చింది. కాసేపు గుర్రుమంది. తర్వాత తెర మీద, పరిశీలకులవారి కళ్ల ముందే, వరుసగా వెలిగింది. జారీ చేసిన జవాబులు: 38,416. సాదృశ్య పరీక్షానంతరం: 1. నాలుగవ నిబంధన వర్తించినది. మూల జవాబు గ్రహీత: కీ.శే. పోశాలు. జవాబు అందని అర్జీలు: 38,415.

మూడు అంకె ఉన్నచోట ఆ ముప్పై ఎనిమిది వేలు ఎక్కి కూర్చున్నాయి. వరుసలో ఎవరో ఈల వేశారు.

"ఏమిది?" అన్నారు పరిశీలకులవారు.

"పారదర్శకత సార్," అన్నారు విశ్వంభర్ గారు.

పరిశీలకులవారు అక్కడే నోటిమాటగా ఉత్తర్వు వేశారు. ప్రతి అర్జీకీ, లోగడ ఇచ్చిన ఏ జవాబునూ పోలని జవాబు ఇవ్వవలెను, మొదటిది తాము తిరిగి వెళ్లేలోపు చూడవలెను. ఆయన బండి బుధవారం సాయంత్రం.

ఇక ఆఫీసులో పడిన యాతన చెప్పనలవి కాదు. సెక్షన్లన్నీ తలుపులు వేసుకుని సొంత వాక్యం కోసం తలలు పట్టుకున్నాయి. "తమ విన్నపము మా మనస్సున మెదలుచున్నది" అని ఒకరు రాస్తే డెబ్బై ఎనిమిది శాతం వచ్చింది. ఒక సూపరింటెండెంటు ఇరవై రెండేళ్ల సర్వీసులో తనంతట తానుగా ఒక్క వాక్యం రాసి ఎరగడు. ఆయన తెగించి "ఉన్నది పరిశీలనలో అర్జీ తమ" అని రాశాడు. మిషన్ భావం కూడా చదువుతుంది కదా, తొంభై తొమ్మిది ఇచ్చింది. ఎన్ని తిప్పలు పడినా లోపలున్న భావం ఒకటే కావడం వల్ల అది ఎక్కడ దాచినా మిషన్ పట్టేసేది.

బుధవారం మధ్యాహ్నం విశ్వంభర్ గారు రోడ్డు దాటి వచ్చి జిరాక్సు షాపు రేకుల కింద నిలబడ్డారు. వీరాచారి లేచి, అర్జీదారులు కూర్చునే స్టూలు తుడిచి ఇచ్చాడు. ఆయన కూర్చున్నారు.

"వీరాచారి గారూ, తమరు మాకొక... మాకొక జవాబు వ్రాసిపెట్టవలెను," అన్నారు. పెద్ద ఆఫీసరు నోటి నుంచి 'గారూ' రావడం వీరాచారి ఇంతకుముందు వినలేదు.

"ఎవ్వరికీ ఇయ్యని జవాబే గదా సార్? ముందుగాల నాగులకుంట బుచ్చవ్వది రాద్దాం."

ఈసారి అతను ఆలోచించనే లేదు. ఆమె మెట్ల మీద కూలబడ్డప్పుడే ఆ వాక్యం అతని నోటిలోకి వచ్చి ఆగి ఉంది. తెల్ల కాగితం మీద రాసి ఇచ్చాడు. విశ్వంభర్ గారు చదివే ఓపిక కూడా లేక పరుగున పోయి పరిశీలకులవారి ఎదుటే మిషన్‌లో పెట్టారు. సాదృశ్యం: 0. ఈ కార్యాలయమున ఇట్టి వాక్యము ఇంతకు పూర్వము లేదు. పరిశీలకులవారు లేచి కరచాలనం చేశారు. విశ్వంభర్ గారు సంతకం పెట్టారు, ముద్ర పడింది, కాగితం పోస్టుకు పోయింది. అప్పుడు నకలు తీసి చదువుకున్నారు.

"బుచ్చవ్వా, మంగళవారం పొద్దున పది గంటలకు మనుషులు వచ్చి నీ స్తంభాన్ని సరిగ్గా పాతి పోతారు."

విశ్వంభర్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. వీరాచారి కోసం కబురు పంపారు.

"ఇందులో వారము ఉన్నదేమయ్యా!"

"ఉన్నది సార్."

"గంట కూడా ఉన్నదే!"

"పది సార్."

"ఇట్లు వ్రాసినచో... వెళ్లవలసి వచ్చునే!"

"ఔ సార్," అన్నాడు వీరాచారి. "అందుకే ఇంతకుముందు ఎవ్వలు రాయలే."

మంగళవారం పదింటికి క్రేను వచ్చింది. మధ్యాహ్నానికల్లా స్తంభం నిటారుగా నిలబడింది, మెమోతో సహా. కోతి పడకుండానే బోను కూడా ఎత్తుకుపోయారు. వీరాచారి నాగులకుంట దాకా బస్సులో పోయి దూరం నుంచి చూస్తూ నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్లలో కొన్ని లక్షల కష్టాలు రాశాడు. ఒక్కటి తీరడం కళ్లారా చూసింది ఆ పూటే.

ఆఫీసులో మాత్రం రెండో జవాబు దగ్గరే బండి ఆగింది. అందులో కూడా వారం, గంట రాయాల్సి వస్తుందని తేలాక, గురువారం నాటికి సాదృశ్యను సాంకేతిక కారణముల వలన నిలిపివేయడమైనది. తెర మీద గుడ్డ కప్పారు. విశ్వంభర్ గారిని పదోన్నతి మీద పక్క జిల్లాకు పంపారు. తోరణాలు ఎండి రాలాయి. వీరాచారి అటక మీది కట్ట దించుకుని, దుమ్ము దులిపి, సోమవారం నాడు కుర్చీలో కూర్చున్నాడు. పాత వాక్యం చూడగానే సొంత ఊరికి వచ్చినంత హాయిగా అనిపించింది.

ఆ సోమవారం జనం విరగబడి ఉన్నారు. నడుమ బుచ్చవ్వ వచ్చింది, కొంగులో పల్లికాయలు కట్టుకుని.

"సారూ, కంబం మంచిగ నిలవడ్డది, సల్లగుండుండ్రి అని ఆఫీసోళ్లకు రాయి."

వీరాచారి మురిసిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరూ ఇటువంటి కాగితం రాయించలేదు. చేతికందిన కాగితం లాగి, మూడు వేళ్ల జాగాలో ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి ఇచ్చాడు. బుచ్చవ్వ వేలిముద్ర వేసింది. నస్రీన్ ముద్ర కొట్టింది. వరుసలో వెనకున్నవాడు అప్పటికే తన కష్టం మొదలుపెట్టాడు.

మూడో మంగళవారం పొద్దున, జిరాక్సు షాపు ఫోను మోగింది.

"సారూ, మల్ల వచ్చిన్రు! గడ్డపారలు తెచ్చిన్రు! జల్ది రా!" బుచ్చవ్వ గొంతు.

బస్సు దిగి వీరాచారి పరుగున పోయేసరికి, ఆమె స్తంభాన్ని రెండు చేతులా కావలించుకుని నిలబడి ఉంది. లైన్‌మన్, మరో ఇద్దరు మనుషులు గడ్డపారల మీద ఆనుకుని విసుగ్గా చూస్తున్నారు.

"ఏందయ్యా ఇది? కంబం సక్కగనే ఉన్నది గదా!" అన్నాడు వీరాచారి.

"గదే గదా సారూ ఫిర్యాదు," అన్నాడు లైన్‌మన్. "కంబం నిటారుగ నిలవడ్డది, దయతలచి న్యాయం చేయుండ్రి అని అర్జీ పెట్టింది. తగు చర్య తీసుకొమ్మని ఆర్డరొచ్చింది. పాత ఫైలు ప్రకారం మంగళవారం పది గంటలకే రమ్మన్నరు. నిలవడ్డదానికి న్యాయమంటే మరేంది, ఒరగ్గొట్టుడే గదా?"

వీరాచారి కాగితం తీసుకున్నాడు. తన చేతిరాతే. మహారాజశ్రీ జిల్లా కలెక్టరు గారి దివ్యసముఖమునకు, తమ పాదధూళికి సాటిరాని ఈ దీనులు వేయి నమస్కారములు చేసి విన్నవించుకొనునది ఏమనగా, నాగులకుంటలో మా ఇంటి పక్క కరెంటు స్తంభము నిటారుగా నిలబడినది. తమరు దయతలచి న్యాయము చేయించిన యెడల తమ పేరు చెప్పుకొని బ్రతుకగలము. చదువుతుంటే చెవులదాకా వేడెక్కింది. ఆఫీసరు కళ్లను తప్పుబట్టడానికి లేదు. అవి ఎక్కడ జారాలో, ఎక్కడ ఆగాలో నేర్పింది తానే.

"ఇది ఫిర్యాదు గాదు బిడ్డా," అన్నాడు.

"మరేంది సారూ?"

"నా అలవాటు."

లైన్‌మన్‌కు అర్థం కాలేదు గానీ, పెద్దమనిషి మొహం చూసి గడ్డపార కింద పెట్టాడు. "మరి నేను రిపోర్టుల ఏం రాయాలె? పని చేసిననని రాయాల్నా, చెయ్యలేదని రాయాల్నా? జర నువ్వే రాసియ్యి సారూ, నీకు అలవాటే గదా."

వీరాచారి చెయ్యి దానంతట అది జేబులోని పెన్ను మీదికి పోయింది. పెన్ను సగం బయటికి వచ్చింది కూడా. బుచ్చవ్వ స్తంభాన్ని వదలకుండానే అతని వంక చూసింది. అతను పెన్ను మళ్లీ లోపలికి తోసి, జేబు గుండీ పెట్టుకున్నాడు.

"ఏం రాయకు బిడ్డా. రాస్తే మల్ల ఎవడో ఒకడు వస్తడు. బుచ్చవ్వ చాయ్ పెడ్తది, తాగి పోండ్రి."

బుచ్చవ్వ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఆమె వచ్చేదాకా స్తంభాన్ని ఎవరూ ముట్టుకోకుండా వీరాచారి దానికి వీపు ఆనించి కింద కూర్చున్నాడు. స్తంభం కదలలేదు.